వేడిమిని పొదుపు చేసిన విజ్ఞాని: కౌంటు రంఫర్డు

మానవుడు నిప్పును వశపరచుకొని లక్షల సంవత్సరములు గడచినవి. నిప్పువలన వంట సాగెను, చలి తొలగెను, లోహములు కరగి పనిముట్లుగా మారెను. కాని పొయ్యిలో మండిన కట్టెల వేడిమిలో ఎంత భాగము మనకు ఉపయోగపడుచున్నది, ఎంత భాగము పొగతోపాటు ఆకాశమున కలసిపోవుచున్నది అను ప్రశ్న చాలకాలము వరకు ఎక్కువమందికి తోచలేదు. ధాన్యము ఒలికినచో కంటికి కనబడును. నూనె కారినచో నేల తడియును. డబ్బు పోయినచో మూట తేలికపడును. వేడిమి పోయినచో మాత్రము ఏ గుర్తును మిగులదు. కావున ఆ నష్టమును లెక్కించినవారు అరుదు. కంటికి కనబడని ఆ దుబారాను కొలిచి, దానిని అరికట్టు ఉపాయములను సామాన్యుల యిండ్లకు చేర్చినవారిలో అగ్రగణ్యుడు కౌంటు రంఫర్డు.

అతని బుద్ధి మిక్కిలి ప్రకాశవంతమైనది. అతని నడవడి మాత్రము నిష్కళంకమైనది కాదు. ఈ రెంటిని తెలిసికొన్నగాని అతని జీవితము మనకు అర్థము కాదు.

అతని అసలు పేరు బెంజమిన్ థాంప్సన్. అతడు 1753వ సంవత్సరము మార్చి 26వ తేదీన, ఉత్తర అమెరికాలోని మాసచుసెట్సు సీమలో, వొబర్ను అను గ్రామమున ఒక వ్యవసాయదారుని యింట జన్మించెను. ఆ కాలమున ఆ సీమ ఆంగ్లేయుల వలసరాజ్యముగా నుండెను. బెంజమిన్‌కు రెండేండ్లు నిండకమునుపే తండ్రి గతించెను. తల్లి మరల వివాహము చేసికొనెను. బాలుడు పదుమూడవ యేట సేలం పట్టణమున ఒక వర్తకుని దుకాణమున పని నేర్చుకొనుటకు కుదిరెను. కాని అతని మనస్సు తూకములమీదను, చిట్టాలమీదను నిలువలేదు. తీరిక దొరికినప్పుడెల్ల యంత్రముల బొమ్మలు గీయుచు, ఏదో ఒక ప్రయోగము చేయుచు కాలము గడపుచుండెను.

1766లో, వలసవాసులు ఎంతగానో ద్వేషించిన స్టాంపుల చట్టము రద్దయ్యెను. జనులు పండుగ చేసికొనదలచిరి. ఆ సందర్భమున బెంజమిన్ బాణసంచా తయారుచేయ బూనెను. మందు కలుపుచుండగా అది హఠాత్తుగా పేలి అతనిని తీవ్రముగా గాయపరచెను. వేడిమితో అతనికి కలిగిన తొలి పరిచయము ఇట్లు బాధాకరమైనది. అయినను అతని కుతూహలము తగ్గలేదు. కోలుకొనిన పిమ్మట బోస్టను నగరమున మరియొక దుకాణమున కొంతకాలము పనిచేసెను. ఒక వైద్యునివద్ద కొంత వైద్యము నేర్చెను. హార్వర్డు కళాశాలలో ప్రకృతిశాస్త్రమును గూర్చి ఉపన్యాసములు జరుగుచున్నవని విని, లోఅమీ బాల్డ్విన్ అను మిత్రునితో కలసి మైళ్ళకొలది నడచిపోయి వానిని వినుచుండెను. వినిన ప్రయోగములను ఇంటికి వచ్చి, దొరికిన సామగ్రితో తాము స్వయముగా చేసి చూచుకొనుచుండిరి. ఏ విషయమునైనను స్వహస్తములతో పరీక్షించి చూచు అలవాటు అతనికి అప్పటినుండియే అబ్బెను.

1772లో బెంజమిన్ న్యూహాంప్‌షైరు సీమలోని కాంకర్డు పట్టణమున ఉపాధ్యాయుడుగా చేరెను. ఆ పట్టణమునకు పూర్వము రంఫర్డు అను పేరుండెడిది. అచ్చట సారా రోల్ఫు అను ధనవంతురాలగు వితంతువు అతనిని వివాహమాడెను. ఆమె వయస్సున అతనికంటె చాల పెద్దది. ఆ వివాహమువలన అతనికి సంపదయు, పెద్దల పరిచయమును లభించెను. గవర్నరు అతనిని సీమ సేనలో మేజరుగా నియమించెను. ఇరువది యేండ్ల యువకుడు ఒక్కసారిగా అంత పదవి పొందుట పలువురకు కంటగింపయ్యెను.

అప్పటికే వలసవాసులకును ఇంగ్లండు ప్రభుత్వమునకును వైరము ముదురుచుండెను. థాంప్సన్ ఇంగ్లండు రాజు పక్షమున నిలిచెను. 1774లో కోపోద్రిక్తులైన జనులు అతని యింటిని ముట్టడింప వచ్చిరి. ఆ సంగతి ముందుగా తెలిసి అతడు గుఱ్ఱమెక్కి పారిపోయెను. భార్యయు, ఆ సంవత్సరముననే పుట్టిన పసిబిడ్డయు కాంకర్డులోనే మిగిలిపోయిరి. తరువాత అతడు అమెరికనుల రహస్యములను ఆంగ్లసేనాపతికి కంటికి కనబడని సిరాతో వ్రాసి పంపెననుట చిరకాలమునకు బయల్పడిన కాగితములవలన రుజువైనది. స్వాతంత్ర్యముకొరకు పోరాడుచున్న స్వజనుల రహస్యములను అమ్ముకొన్న ఆ మచ్చ అతని చరిత్రనుండి తొలగునది కాదు. 1776లో అతడు లండను చేరెను. భార్యను అతడు మరల చూడలేదు. ఆమె 1792లో మరణించెను.

లండనులో థాంప్సన్ అమెరికా వ్యవహారములు చూచు మంత్రివద్ద ఉద్యోగము సంపాదించి, కొలది యేండ్లలోనే ఉన్నత పదవికి ఎగబ్రాకెను. ఉద్యోగముతోపాటు తుపాకిమందు శక్తిని గూర్చి ప్రయోగములు సాగించెను. వాని ఫలితముగా 1779లో రాయల్ సొసైటీ అను సుప్రసిద్ధ విజ్ఞానసంఘమున సభ్యుడయ్యెను. యుద్ధము చివరి భాగమున ఒక గుఱ్ఱపుదళమునకు నాయకుడై అమెరికాకు తిరిగి వెళ్ళెను. అచ్చట లాంగ్ ఐలండు దీవిలోని హంటింగ్టను గ్రామమున శ్మశానభూమిలో కోట కట్టించి, సమాధిరాళ్ళను కూడ వాడుకొనెను. ఆ కార్యమును అచ్చటి ప్రజలు తరతరములవరకు మరువలేదు.

యుద్ధము ముగిసిన తరువాత, 1784లో, అతడు జర్మను రాజ్యములలో ఒకటగు బవేరియాకు పోయి, ఆ దేశాధిపతియగు కార్ల్ థియొడోరు కొలువున చేరెను. ఇంగ్లండు రాజు అతనికి సర్ బిరుదమిచ్చి పంపెను. ఇచ్చటనుండియే అతని జీవితమున ఉత్తమ ఘట్టము ఆరంభమగును.

బవేరియా సైన్యము అప్పుడు దీనస్థితిలో నుండెను. సైనికులకు జీతము చాలదు, తిండి చాలదు, చలికి తగిన దుస్తులు లేవు. ఆ సైన్యమును బాగుచేయు భారము థాంప్సన్‌మీద పడెను. ఖర్చు తక్కువ కావలెను. వెచ్చదనము ఎక్కువ కావలెను. ఏ బట్ట సైనికుని చలినుండి ఎక్కువగా కాపాడును? ఉన్నియా, పట్టా, నూలా, దూదియా? ఈ ప్రశ్నకు దుకాణదారుడు ఒక జవాబు చెప్పును. దర్జీ మరియొక జవాబు చెప్పును. థాంప్సన్ ఇరువురి మాటను నమ్మక, ఉష్ణమాపకమును చేతబట్టెను.

అతడు చేసిన ప్రయోగము చాల సులభమైనది. ఒక ఉష్ణమాపకమును దానికంటె పెద్దదగు గాజుబుడ్డిలో అమర్చెను. ఆ రెంటి నడుమనున్న చోటును ఒకసారి ఉన్నితోను, ఒకసారి పట్టుతోను, ఒకసారి దూదితోను, మరియొకసారి పక్షుల ఈకలతోను నింపెను. దానిని మరుగుచున్న నీటిలో నుంచి వేడిచేసి, వెంటనే మంచునీటిలో ముంచి, ఎంత కాలమునకు చల్లారునో గడియారముతో లెక్కించెను. ఏ పదార్థము నింపినప్పుడు చల్లారుటకు ఎక్కువ కాలము పట్టునో ఆ పదార్థము వేడిమిని బాగుగా నిలుపునన్నమాట.

ఈ ప్రయోగములవలన ఒక విచిత్రమైన సత్యము బయటపడెను. వెచ్చదనమునకు కారణము ఉన్నిపోగులు మాత్రమే కావు. ఆ పోగుల నడుమ కదలక చిక్కుకొనియున్న గాలియే ముఖ్యకారణము. స్వేచ్ఛగా కదలు గాలి వేడిమిని మోసికొనిపోవును. చిన్న చిన్న అరలలో బంధింపబడిన గాలి వేడిమిని పోనీయదు. పక్షులు చలికాలమున ఈకలు ఉబ్బించుకొని కూర్చుండుట మనము చూచుచున్నాము. గొంగళి కప్పుకొనినవాడు వెచ్చగా నుండుటకును అదియే మూలము. గొంగళి వేడిమిని పుట్టింపదు. మన శరీరమున పుట్టిన వేడిమిని పారిపోకుండ కాపాడును. ఈ పరిశోధనకు 1792లో రాయల్ సొసైటీ అతనికి కోప్లే పతకము నొసగెను.

అయితే అతడు ఈ విషయమున ఒక మెట్టు దూరము వెళ్ళెను. ద్రవములును వాయువులును కదలికవలన తప్ప వేడిమిని ఏ మాత్రమును ప్రసరింపజేయవని అతడు తలచెను. కొంచెముగానైనను ప్రసరింపజేయునని తరువాతి శాస్త్రజ్ఞులు నిరూపించిరి. కాని అతడు కనిపెట్టిన ప్రధానసూత్రము నేటికిని చెక్కుచెదరలేదు.

బవేరియా రాజధానియగు మ్యూనికు నగరమున ఆ రోజులలో బిచ్చగాండ్రు వేలకొలదిగా నుండిరి. 1790వ సంవత్సరము జనవరి 1వ తేదీన థాంప్సన్ సైనికాధికారులను, నగరాధికారులను వెంటబెట్టుకొని వీథులలోనికి వెళ్ళి బిచ్చగాండ్రను పట్టించెను. వారిని చెరసాలకు పంపలేదు. ముందుగా సిద్ధముచేసిన పనిశాలకు రప్పించెను. అచ్చట వెచ్చని గదులు, వేడి భోజనము, చేయుటకు పని, చేసిన పనికి కూలి ఏర్పాటు చేసెను. వారు నూలు వడకి, బట్టలు నేసి, సైన్యమునకు దుస్తులు తయారుచేసిరి. బలవంతముగా పట్టి తెచ్చి పనిచేయించుట నేటి న్యాయదృష్టికి సమ్మతము కాకపోవచ్చును. కాని ఆకలిగొన్నవానికి ముందు అన్నము, వెచ్చదనము ఇచ్చి తరువాతనే పని నేర్పవలెనను అతని పద్ధతి ఆ కాలమునకు క్రొత్తది. ఆ నగరముననే అతడు ప్రజలకొరకు ఒక విశాలమైన ఉద్యానవనమును కూడ రూపొందించెను. ఆంగ్లోద్యానమను పేర అది నేటికిని మ్యూనికు ప్రజలకు విహారస్థలమై యున్నది.

పనిశాలలో దినదినము వందలకొలది జనులకు వంట చేయవలెను. బార్లీ, బటానీ, బంగాళాదుంపలు కలిపి వండు చౌక గంజినొకదానిని అతడు ఏర్పరచెను. అది అతని పేరిట ఐరోపా అంతట వ్యాపించెను. కాని తిండి ఖర్చుకంటె వంటచెరకు ఖర్చు అతనికి ఎక్కువ ఆశ్చర్యము కలిగించెను. ఆనాటి వంటయిండ్లలో బహిరంగముగా మండు పెద్ద మంటపై పాత్రలు వ్రేలాడగట్టి వండుచుండిరి. మంటలో స్వల్పభాగము పాత్రకు తగులుచుండెను. మిగిలినది వంటవాని ముఖమును, గోడలను, ఆకాశమును వేడిచేయుచుండెను. థాంప్సన్ ఇటుకలతో మూసిన పొయ్యిలు కట్టించెను. ప్రతి పాత్రకును వేరుగా చిన్న నిప్పుగది; పాత్ర అందులో దిగబడి కూర్చుండుటకు తగిన గుంట; లోనికి వచ్చు గాలిని హెచ్చింపను తగ్గింపను చిన్న తలుపు; వేడిపొగ పాత్ర చుట్టును తిరిగి బయటకు పోవుటకు దారి. ఈ ఏర్పాటువలన కట్టెల ఖర్చు మిక్కిలి తగ్గెను. వంటవారికి సెగబాధయు తగ్గెను.

ఈ సేవలకు మెచ్చి బవేరియా ప్రభువు అతనికి కౌంటు బిరుదము నొసగెను. బిరుదమునకు ఒక ఊరిపేరు జోడించుట ఆచారము. అతడు ఏ మహానగరమును ఎన్నుకొనలేదు. తాను భార్యాబిడ్డలను విడిచిపెట్టి వచ్చిన కాంకర్డు పట్టణపు పాతపేరును ఎన్నుకొనెను. నాటినుండి లోకమునకు అతడు కౌంటు రంఫర్డు అయ్యెను.

1795లో రంఫర్డు లండను నగరమునకు వచ్చెను. అచ్చటి యిండ్లలో చలికాలమున గదిగోడలో నిప్పుగూడు అమర్చి, అందు రాక్షసిబొగ్గు మండించుచుండిరి. ఆ గూళ్ళు పెద్దవిగాను, లోతుగాను, నలుచదరముగాను ఉండెను. పైనున్న పొగగొట్టపు నోరు మిక్కిలి వెడల్పు. అందువలన మంట వేడిమిలో అధికభాగము గొట్టముగుండ పైకి పోవుచుండెను. అంతియే కాదు, గదిలో వెచ్చబడిన గాలికూడ ఆ నోటిగుండ తరలిపోవుచుండెను. దాని స్థానమున తలుపుల సందులనుండి, కిటికీల సందులనుండి చలిగాలి చొరబడుచుండెను. మంటవైపునున్న ముఖము కాలుచుండగా వీపు వణకుచుండెను. గాలి ఎదురుతిరిగినప్పుడు పొగ గదిలోనే క్రమ్ముకొనుచుండెను. ఈ బాధ అందరును అనుభవించుచునే యుండిరి, విధిలేదని ఊరకుండిరి.

రంఫర్డు ఆ గూటి ఆకారమును మార్చెను. లోతు తగ్గించెను. వెనుకగోడ వెడల్పును ముందరి వెడల్పులో మూడవవంతుగా చేసెను. ప్రక్కగోడలను తిన్నగా నిలుపక, వెనుకగోడతో 135 అంశల కోణమేర్పడునట్లు ఏటవాలుగా త్రిప్పెను. మంటనుండి వెలువడు వేడిమికిరణములు ఆ గోడలకు తగిలి గదిలోనికి మరలుచుండెను. పొగగొట్టపు నోటిని సుమారు నాలుగు అంగుళముల మేరకు కుదించెను. పొగ పోవుటకు ఆ మాత్రము చాలును. గదిలోని వెచ్చనిగాలి పోవుటకు చాలదు. ఇనుపరేకులకు మారుగా ఇటుకయు, సున్నపు పూతయు వాడుమనెను. కొద్ది ఇటుకలు, కొద్ది సున్నము, ఒక మేస్త్రి, స్వల్పకాలపు పని. ఇంతతో తక్కువ బొగ్గుతో గది వెచ్చబడెను, పొగబాధ తగ్గెను.

ఈ వార్త నగరమంతట ప్రాకెను. ప్రభువుల భవనములలోను, సామాన్యుల యిండ్లలోను వందలకొలది నిప్పుగూళ్ళు ఈ పద్ధతిని మార్చబడెను. 1796లో అతడు ఆ పద్ధతిని వివరముగా పుస్తకరూపమున ప్రకటించెను. జేన్ ఆస్టెను అను ఆంగ్ల రచయిత్రి తన నవలలో రంఫర్డు గూటిని ప్రస్తావించుటనుబట్టి అది ఆ కాలపు గృహములలో ఎంత సామాన్యమయ్యెనో ఊహింపవచ్చును. ఇచ్చట గమనింపదగిన విషయమొకటి కలదు. ఈ కల్పనమీద ప్రత్యేకహక్కు పొంది రంఫర్డు కోట్లు గడింపవచ్చును. పదవులకొరకు, బిరుదములకొరకు జీవితమంతయు ప్రాకులాడిన ఆ మనుజుడు ఈ విషయమున మాత్రము లాభము కోరలేదు. ఎవరైనను కట్టుకొనవచ్చునని కొలతలతో సహా లోకమున కిచ్చివేసెను.

వేడిమిని ఇంతగా పరిశీలించిన రంఫర్డునకు, అసలు వేడిమి అననేమి అను ప్రశ్న తప్పలేదు. అది కలారిక్ అను సూక్ష్మద్రవమని ఆనాటి పండితులు నమ్ముచుండిరి. వస్తువులలో ఆ ద్రవము నిండియుండుననియు, ఒకదానినుండి మరియొకదానికి ప్రవహించుననియు వారి మతము. మ్యూనికు ఆయుధశాలలో ఇత్తడి ఫిరంగులను తొలుచుచుండగా అవి విపరీతముగా వేడెక్కుట రంఫర్డు చూచెను. అతడు మొద్దుబారిన తొలిపిపనిముట్టు నొకదానిని ఎన్నుకొని, ఫిరంగి లోహమును నీటితొట్టిలో నుంచి, గుఱ్ఱములచే త్రిప్పించెను. నిప్పులేదు, మంటలేదు. కాని రాపిడివలన నీరు క్రమముగా కాగి, రెండున్నర గంటలకు తెర్లి మరగెను. చూచుచున్నవారు నివ్వెరపోయిరి. త్రిప్పుచున్నంతకాలము వేడిమి పుట్టుచునే యుండెను. వేడిమి ద్రవమే యైనచో ఎప్పుడో ఒకప్పుడు నిండుకొనవలెను గదా! కావున వేడిమి ద్రవము కాదనియు, అది ఒకవిధమగు చలనమనియు అతడు 1798లో ప్రకటించెను. ఆ మాటను పండితులు వెంటనే అంగీకరింపలేదు. సుమారు అర్ధశతాబ్దమునకు పిమ్మట జూల్ మున్నగువారి కొలతలవలన అది స్థిరపడెను.

1799లో రంఫర్డు లండనులో రాయల్ ఇన్‌స్టిట్యూషన్ అను సంస్థను నెలకొల్పుటకు ముఖ్యకారకుడయ్యెను. విజ్ఞానము పండితుల గ్రంథములలో బందీ కాక, పనివాని చేతికిని, ఇల్లాలి వంటయింటికిని చేరవలెననునది అతని ఆశయము. హంఫ్రీ డేవీ అను యువకుని 1801లో ఆ సంస్థకు రప్పించినవాడు అతడే. తరువాత మైకేల్ ఫారడే విద్యుత్తును గూర్చి చేసిన మహాపరిశోధనలకు ఆ భవనమే వేదిక అయ్యెను.

ఆ దినములలో లండనులోని బ్రాంప్టన్ రో అను చోట రంఫర్డునకు ఒక యిల్లుండెను. వేడిమిని కాపాడుటకు తాను చెప్పిన ఉపాయములను అతడు ఆ యింటనే ఆచరించి చూపెను. కిటికీలకు ఒక వరుసకు మారుగా రెండు వరుసల అద్దములు అమర్చి, నడుమ మొక్కలు పెంచెను. రెండద్దముల నడుమ చిక్కుకొనిన గాలి, ఉన్నిపోగుల నడుమ చిక్కుకొనిన గాలివలెనే, గదిలోని వెచ్చదనమును బయటకు పోనీయదు. సైనికుని కోటునందు కనుగొన్న సూత్రమే ఇంటి కిటికీకిని వర్తించెను.

తరువాత అతడు వేడిమికిరణములను గూర్చి మరికొన్ని ప్రయోగములు చేసెను. ఒకే తీరుగల రెండు ఇత్తడిపాత్రలలో వేడినీరు పోసి, ఒకదానికి పలుచని నారబట్ట చుట్టి, రెండవదానిని మెరయునట్లు విడిచెను. బట్ట చుట్టిన పాత్రయే ముందుగా చల్లారెను! మెరయు లోహము వేడిమికిరణములను తక్కువగా వెదజల్లుననియు, మసిపూసిన పాత్ర ఎక్కువగా వెదజల్లుననియు దీనివలన తేలెను. తెలుపు కూడ వేడిమిని నిలుపునని నమ్మి అతడు పారిస్ నగరమున చలికాలమునందును తెల్లని దుస్తులు ధరించి తిరిగెను. జనులు నవ్విరి. కంటికి కనబడు రంగు ఒక్కదానినిబట్టి కనబడని కిరణముల తీరు నిర్ణయింపరాదని మనకు నేడు తెలియును. మెరయు లోహమును గూర్చి అతడు కనుగొన్నది మాత్రము పూర్తిగా సత్యము.

ఇతరుల యిండ్లకు వెచ్చదనము కూర్చిన రంఫర్డు తన యింట దానిని నిలుపుకొనలేకపోయెను. విడిచిపెట్టి వచ్చిన కుమార్తె సారా 1796లో తండ్రిని వెదకికొనుచు సముద్రము దాటి వచ్చెను. అప్పటికి ఆమెకు ఇరువదియొక్క యేండ్లు నిండియుండెను. పసితనమున విడిచిన బిడ్డను తండ్రి అన్నియేండ్లకు చూచెను. కొంతకాలము కలసియుండిరి, కాని వారి స్వభావములు పొసగలేదు. ఆమె తిరిగి అమెరికాకు వెళ్ళెను. 1805లో రంఫర్డు సుప్రసిద్ధ రసాయనవేత్త లవాజియె భార్యయై వితంతువైన మరీ ఆన్‌ను పారిస్‌లో వివాహమాడెను. ఆమె విదుషి, అతిథులతో సల్లాపము ఆమెకు ప్రీతి. అతనికి ఏకాంతము, క్రమము, తోటపని ప్రీతి. ఒకసారి ఆమె తనతో చెప్పక అతిథులను పిలిచెనని అతడు ద్వారమునకు తాళము వేయించెను. దానికి కోపించి ఆమె, అతడు ప్రేమతో పెంచిన పూలమొక్కలమీద మరుగునీరు పోయించెను. ఈ కథను అతడే కుమార్తెకు లేఖలో వ్రాసికొని దుఃఖించెను. 1809లో ఆ దంపతులు విడిపోయిరి.

చివరి సంవత్సరములు అతడు పారిస్ సమీపమున ఓత్యుయి అను చోట గడపెను. 1811లో సారా మరల తండ్రియొద్దకు వచ్చి చేరెను. 1814వ సంవత్సరము ఆగస్టు 21వ తేదీన రంఫర్డు కన్నుమూసెను. అతని సమాధి అచ్చటనే యున్నది. వేడిమిని, వెలుగును గూర్చి మేలైన పరిశోధనలు చేసినవారికి పతకము లొసగుటకై 1796లోనే అతడు ఇంగ్లండు, అమెరికా దేశముల విజ్ఞానసంఘములకు ధనమిచ్చియుండెను. తాను బాల్యమున నడచిపోయి పాఠములు వినిన హార్వర్డునకు, విజ్ఞానమును జనోపయోగమునకు తెచ్చు ఆచార్యపీఠమొకటి స్థాపించుటకై తన మరణశాసనమున ధనము వ్రాసియిచ్చెను. ఏ జనులను కాదని వచ్చెనో ఆ జనుల బిడ్డలకే తన సొత్తు చేరవలెనని చివరకు అతడు కోరుకొనెను.

రంఫర్డు కనుగొన్న సత్యములు నేటి గృహములలో క్రొత్త రూపములు ధరించినవి. చలిదేశములలో కిటికీలకు రెండేసి, మూడేసి అద్దములు బిగించి నడుమ గాలినిగాని, ఆర్గాన్ వాయువునుగాని బంధించుచున్నారు. అద్దముపై కంటికి తెలియనంత పలుచని వెండిపూత పూసి, గదిలోని వేడిమికిరణములను లోనికే మరలించుచున్నారు. మెరయు ఇత్తడిపాత్ర చెప్పిన పాఠమిది. గోడలలోను, పైకప్పులలోను గాలి నిండిన తేలిక పదార్థములను పరచుచున్నారు. గొంగళి చెప్పిన పాఠమది.

మన తెలుగునాట సమస్య వేరు. మనకు వేడిమిని లోపల నిలుపుట కాదు, వెలుపలనే ఆపుట కావలెను. కాని సూత్రము మారదు. వెచ్చదనమును బయటకు పోనీయని బంధితవాయువే వడగాడ్పు సెగను లోనికి రానీయదు. దట్టముగా కప్పిన తాటాకు గుడిసె మండువేసవిలో చల్లగా నుండుటకు, ఆ ఆకుల పొరల నడుమ నిలిచిన గాలి ఒక కారణము. పడమటి కిటికీ అద్దముగుండ వచ్చు ఎండ గదిని పొయ్యివలె మార్చును. ఆ అద్దమునకు ముదురురంగు పొర అతికినచో వెలుగు తగ్గును. కాని ఎండను పీల్చుకొనిన ఆ అద్దము తానే వేడెక్కి కొంత సెగను లోనికి విడుచును. ఎండను వెనుకకు మరలించు లోహపుపూతగల పొర అంతకంటె మేలు. ఎండ అద్దమును తాకకముందే ఆపు పందిరియో, చూరో, చెట్టునీడయో అన్నిటికంటె మేలు. ఎండను తిప్పికొట్టు పూతలతో ఇంటికప్పులను చల్లబరచుటకు తెలంగాణ ప్రభుత్వము 2023లో ఒక ప్రత్యేక విధానమును ప్రకటించినది. ఇట్టి ఏర్పాట్లవలన పంకాలకు, చల్లదనపు యంత్రములకు వ్యయమగు విద్యుత్తు తగ్గును. ఆ విద్యుత్తుకొరకు మండించు బొగ్గును తగ్గును.

రంఫర్డు జీవితమునందు అనుసరింపదగినవియు ఉన్నవి, విడువదగినవియు ఉన్నవి. స్వజనులకు చేసిన ద్రోహము, ఆలుబిడ్డలయెడ చూపిన ఉపేక్ష విడువదగినవి. వానిని అతని విజ్ఞానము కప్పిపుచ్చజాలదు. అట్లే ఆ దోషములు అతని విజ్ఞానమును చెరుపజాలవు. అందరును నిత్యము చూచుచు పట్టించుకొనని పొయ్యిని, పొగగొట్టమును, కంబళిని, కిటికీని అతడు శ్రద్ధతో చూచెను. ఊహను నమ్మక కొలిచి చూచెను. కొలిచి తెలిసికొన్న దానిని దాచుకొనక పంచిపెట్టెను. ఈ మూడు గుణములు మన యింటినుండియే మనము అలవరచుకొనదగినవి. ఏ కిటికీగుండ ఎండ వచ్చుచున్నది, ఏ గది ఎక్కువగా వేడెక్కుచున్నది, ఏ పొయ్యి ఎక్కువ వంటచెరకు తినుచున్నది అని పరికించుటకు గొప్ప ప్రయోగశాల అక్కరలేదు. ఒక ఉష్ణమాపకము, ఒక గడియారము, ఓపికగల రెండు కన్నులు చాలును.